నానో యూరియా, నానో డీఏపీ: ఎలా వాడాలి, పనిచేసిందో లేదో ఎలా తేల్చుకోవాలి

"యూరియా బస్తా దొరకలేదు, సీసా ఇచ్చారు. ఇది కొడితే సరిపోతుందా?" 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు లైన్లు కట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. సీసా అంటే నానో యూరియా, అతి సన్న కణాలుండే, నీళ్లలో కలిపి ఆకు మీద కొట్టే ద్రవ ఎరువు. ఆ ప్రశ్న వెనకే మరికొన్ని: ట్యాంకుకు ఎన్ని మి.లీ. పోయాలి, పురుగుమందుతో కలపొచ్చా, ఎన్నో రోజున కొట్టాలి, దుక్కిలో డీఏపీ మానేయొచ్చా. వీటికి వరుసగా జవాబులు ఇక్కడున్నాయి. వరిని ముందు పెట్టుకుని రాశాం. మిగతా పంటల్లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

మొదటి ప్రశ్నకు జవాబు: సరిపోదు. లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 2021లో ఇఫ్కో తెచ్చిన మొదటి నానో యూరియా 4 శాతం, అంటే అర లీటరు సీసాలో 20 గ్రాములు. తర్వాత వచ్చిన నానో యూరియా ప్లస్ 20 శాతం, అంటే సీసాకు 100 గ్రాములు. మడిలో చల్లిన యూరియాలో చాలా భాగం గాలికి, నీటికి పోతుందన్నది నిజమే. మూడో వంతే మొక్కకు అందిందనుకున్నా అది దాదాపు 7 కిలోలు. సీసాలోని 100 గ్రాములు చుక్క వృథా కాకుండా ఆకులోకి వెళ్లినా ఆ లోటు పూడదు. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించి చూసింది. నత్రజని సగం తగ్గించి నానో యూరియా కొడితే వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం పడిపోయాయి.

అందుకని దీన్ని బస్తాకు బదులుగా చూడకండి. నేలలో వేసిన ఎరువు పని చేస్తుండగా, చివరి పైపాటులో (పంట నిలిచాక వేసే దఫాలో) కొంత తగ్గించుకుని ఆ మేరకు ఆకు ద్వారా అందించే పోషకంగా వాడండి. కింది మెట్లన్నీ ఈ లెక్క మీదే రాసినవి.

కావలసినవి (ఎకరాకు)

- నానో యూరియా లేదా నానో డీఏపీ అర లీటరు సీసా ఒకటి. ఇఫ్కో సీసాల ధర యూరియాకు 225 రూపాయలు, డీఏపీకి 600. కొనే ముందు సీసా మీది ధర, శాతం చూసుకోండి. నానో డీఏపీలో ఇఫ్కోది 8 శాతం నత్రజని, 16 శాతం భాస్వరం. వేరే కంపెనీల సీసాల్లో శాతాలు, సైజులు వేరుగా ఉండొచ్చు.
- 16 లీటర్ల బ్యాటరీ పంపు లేదా చేతి పంపు, సన్నని తుంపర వచ్చే నాజిల్.
- 100 మి.లీ. కొలత గ్లాసు. మూత కొలతలు నమ్మొద్దు.
- 125 లీటర్ల మంచి నీళ్లు. కాలువ నీళ్లు, వాన నీళ్లు మేలు.
- ఆకు మీద మందు పరచుకునేలా చేసే జిగురు మందు. సాండోవిట్, టీపాల్ లాంటివి లీటరుకు అర మి.లీ.
- లీటరు గాజు సీసా లేదా తెల్లటి ప్లాస్టిక్ సీసా. కలిపి చూసే పరీక్షకు.
- వరికైతే ఆకు రంగు పట్టిక. ఊళ్లో వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ అడగండి.
- మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు.
- నాలుగు గూటాలు, తాడు, నోటుబుక్కు.

1. ముందు పసుపు ఎందుకొచ్చిందో చూడండి

చేను పసుపెక్కగానే సీసా కోసం పరుగెత్తడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ఒక మొక్కను పీకి కింది ఆకు, పై ఆకు పక్కపక్కన పెట్టి చూడండి.

కింది పాత ఆకులు కొన నుంచి పసుపెక్కి, పై ఆకులు కాస్త పచ్చగానే ఉంటే నత్రజని లోపం. ఇక్కడ నానో యూరియా కొంత పని చేస్తుంది. పాత ఆకులు పచ్చగా ఉండి కొత్త ఆకులు పాలిపోతే ఇనుము గానీ గంధకం గానీ తక్కువైంది. ఎన్ని సీసాల నానో యూరియా కొట్టినా అది పోదు. వరి నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పాత ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, మొక్క గిడసబారితే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ చొప్పున ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు కొట్టండి. నానో జింకు కూడా అమ్మకంలో ఉంది, దాని మోతాదు లేబుల్ ప్రకారమే.

వేళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే మడిలో నీళ్లు తీసి ఆరబెట్టాలి. పత్తి చేలో రెండు రోజులు నీళ్లు నిలిచి పసుపెక్కినా అంతే, ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి. పీల్చలేని వేరును బాగుచేయకుండా ఆకుకు ఎంత పెట్టినా లాభం ఉండదు.

ఇంకో హెచ్చరిక: ఆకు అంచుల వెంట అలల్లాగా ఎండుతూ కిందికి దిగుతుంటే అది బాక్టీరియా ఎండాకు తెగులు. అప్పుడు ఏ రూపంలోనూ నత్రజని ఇవ్వకండి, తెగులు ఇంకా ముదురుతుంది.

2. సీసా కొనేటప్పుడు

లేబుల్ మీద ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పోషక శాతం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉండాలి. తయారై రెండేళ్లు దాటినవి వద్దు. పాత 4 శాతం, కొత్త 20 శాతం సీసాలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి శాతం చదివి తీసుకోండి. బిల్లు తప్పనిసరి.

"నానో" అని రాసి, ఏ అనుమతి నంబరూ లేకుండా అమ్మే మందులు, వెండి ద్రావణాలు, పెరుగుదల టానిక్కులు కొనకండి. ఎరువైతే నియంత్రణ ఉత్తర్వు కింద, పురుగుమందు, తెగులు మందు అయితే కేంద్ర పురుగుమందుల బోర్డు కింద నమోదై ఉండాలి. పేరు ముందు నానో అని చేర్చినంత మాత్రాన ఈ నియమం మారదు.

యూరియా బస్తా కావాలంటే సీసా కూడా కొనాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే ఒప్పుకోనక్కర్లేదు. ఒక ఎరువుకు మరో సరుకు లంకె పెట్టి అమ్మకూడదు. బిల్లుతో మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

3. ఎంత తగ్గించాలో కాగితం మీద తేల్చుకోండి

దుక్కిలో వేసే ఎరువు తగ్గించకండి. డీఏపీ, కాంప్లెక్స్ ద్వారా మొదట్లో అందే నత్రజని తగ్గించవద్దని కంపెనీ సూచనల్లోనే ఉంది. చాలామంది ఆ వాక్యం దాకా చదవరు.

ఎకరా వరికి 48 కిలోల నత్రజని వేస్తున్నారనుకుందాం. మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 16 కిలోలు, అంటే 35 కిలోల యూరియా. మొదటి భాగం దమ్ములో, రెండోది పిలక దశలో, మూడోది అంకురం దశలో (పిలక లోపల వెన్ను మొదలయ్యేటప్పుడు). మొదటి రెండూ పూర్తిగా వేయండి. మూడో భాగంలో 17–18 కిలోల యూరియా నేలకు, మిగతా సగానికి బదులు నానో యూరియా ఒక పిచికారీ. మొదటి ఏడాది ఇంతకు మించి తగ్గించకండి. ఫలితం చూశాకే ముందుకు పోవాలి.

అంకురం దశ తేదీ లెక్కతో పట్టుకోవాలంటే కోతకు సుమారు 65 రోజుల ముందు. 120 రోజుల రకం 25 రోజుల నారు నాటితే, నాటిన 30 రోజులకు వస్తుంది. 145 రోజుల రకంలో 55 రోజుల దాకా ఆగాలి. తేదీని నమ్మకుండా కళ్లతో చూసుకోవడం ఇంకా మేలు. గుబురులో అన్నిటికంటే పెద్ద పిలకను మొదలు దగ్గర కోసి, బ్లేడుతో నిలువుగా చీల్చండి. పై కణుపు మీద 1–2 మి.మీ. తెల్లటి నూగు మొలక కనిపిస్తే అదే అంకురం. ఐదారు చోట్ల చూసి, ఎక్కువ పిలకల్లో కనిపించిన వారంలో కొట్టండి.

నాటిన 20–25 రోజులకు మొదటి పిచికారీ అని లేబుల్ మీద ఉంటుంది. ఆ వయసులో వరి గుబుర్ల మధ్య నీళ్లే ఎక్కువ కనిపిస్తాయి. కొట్టినదాంట్లో ఎక్కువ భాగం మడి నీళ్లలో పడుతుంది. ఒక్క సీసాకే డబ్బు పెట్టగలిగితే ఆకు సాలు కమ్మేదాకా ఆగి కొట్టండి.

మిగతా పంటల్లో: మొక్కజొన్నకు మోకాలి ఎత్తులో ఒకటి, జల్లు రాకముందు ఇంకొకటి. పత్తికి గూడ కట్టే దశలో ఒకటి, కాయ పెరిగేటప్పుడు ఇంకొకటి. మిరపకు నాటిన 30–35 రోజులకు మొదలుపెట్టండి.

4. పోల్చి చూసేందుకు మడులు వదలండి

ఈ మెట్టును వదిలేస్తే మిగతావన్నీ చేసినా నానో పని చేసిందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. చేను పచ్చబడితే సీసా ఘనత అంటాం, అదే వారంలో వాన పడిందని మరిచిపోతాం.

చాలామంది సగం పొలానికి కొట్టి, సగం వదిలి చూస్తారు. అది చాలదు. మూడు చిన్న మడులు కావాలి, ఒక్కోటి ఒక గుంట లేదా రెండున్నర సెంట్లు:

- మొదటి మడి: మూడు దఫాల యూరియా పూర్తిగా. నానో లేదు.
- రెండో మడి: చివరి దఫాలో సగం యూరియా, దానితో నానో పిచికారీ.
- మూడో మడి: చివరి దఫాలో సగం యూరియా, నానోకు బదులు ఉత్త నీళ్లు, జిగురు మందు.

మూడో మడి ఎందుకో చివర్లో తెలుస్తుంది. అసలు జవాబు దాంట్లోనే ఉంది.

వరి మడిలో యూరియా నీటితో పక్క మడిలోకి పోతుంది. కాబట్టి మూడింటికీ విడిగా గట్లు వేసి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి కాకుండా నేరుగా కాలువ నుంచి నీళ్లు పెట్టండి. మూడూ ఒకే రకం, ఒకే రోజు నాటినవై ఉండాలి. చెట్టు నీడ పడే మూల, పశువుల ఎరువు కుప్ప పోసిన చోటు వద్దు. పురుగుమందు కొట్టాల్సి వస్తే మూడింటికీ ఒకేసారి కొట్టండి. గూటాలు పాతి, ఏది ఏదో నోటుబుక్కులో రాయండి. జ్ఞాపకాన్ని నమ్మకండి.

5. నానో డీఏపీ: విత్తనానికి, నారు వేళ్లకు

దీని అసలు ఉపయోగం మొలక దశలోనే, వేరు చిన్నగా ఉండి నేలలోని భాస్వరాన్ని అందుకోలేనప్పుడు.

విత్తనశుద్ధికి కిలో విత్తనానికి 3–5 మి.లీ. వెద వరికి ఎకరాకు 20 కిలోల విత్తనం అయితే 100 మి.లీ. దాకా సరిపోతుంది. విత్తనం మీద పలచని పొర పట్టేంత నీళ్లు మాత్రమే కలిపి, పరదా మీద పోసి దొర్లించండి. 20–30 నిమిషాలు అలా వదిలి, నీడలో ఆరాక విత్తండి. ఎండలో ఆరబెట్టకండి.

వేరుశనగ, సోయాలో జాగ్రత్త. గింజ కాస్త ఎక్కువ తడిస్తే పైపొర ముడతపడి ఊడుతుంది, ఆ గింజ మొలకకు పనికిరాదు. వీటికి 3 మి.లీ. మించొద్దు. చేతులతో రుద్దకుండా గోనెసంచిలో అటూ ఇటూ దొర్లించండి. తెగులు మందు, పురుగుమందు, రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా) కూడా పట్టిస్తుంటే అన్నీ ఒకే గిన్నెలో కలపకండి. ఒకటి ఆరాక ఇంకొకటి పట్టించండి. రైజోబియం ఎప్పుడూ ఆఖరున.

మండె కట్టి మొలకెత్తించిన వరికి విత్తనశుద్ధి జోలికి పోకుండా నారు వేళ్లు ముంచడం తేలిక. 50 లీటర్ల నీటికి 250 మి.లీ. కలిపి, నారు కట్టల వేళ్లను బురద కడిగాక 20–30 నిమిషాలు ముంచి నాటండి. బురద కడగకపోతే మందంతా మట్టికి పడుతుంది. పసుపు కొమ్ములు, చెరకు ముచ్చెలు, ఆలుగడ్డలకూ లీటరుకు 3–5 మి.లీ. చొప్పున ఇదే పద్ధతి.

ఇది చేశామని దుక్కిలో డీఏపీ మానేయొచ్చా? 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం. 16 శాతం ఉన్న అర లీటరు సీసాలో 80 గ్రాములు. తగ్గించాలంటే నేల పరీక్ష కాగితం చూసి తగ్గించండి. లభ్య భాస్వరం ఎకరాకు 24 కిలోలు దాటితే ఎక్కువ ఉన్నట్టు. అప్పుడు డీఏపీ తగ్గించినా పంట తగ్గదు, సీసా కొన్నా కొనకపోయినా. అలాంటి నేలలో భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాను ఎకరాకు 2 కిలోలు పశువుల ఎరువులో కలిపి వేయడం మేలు. భాస్వరం తక్కువ ఉన్న నేలలో మాత్రం డీఏపీకి కోత పెట్టకండి.

6. పంపును కొలవండి

సీసా మీద లీటరుకు 2–4 మి.లీ. అని ఉంటుంది. అందరూ తప్పేది ఇక్కడే. ఎకరాకు మీ పంపు ఎన్ని లీటర్లు పోస్తుందో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చోటు తాడుతో గుర్తించండి, దాదాపు ఒక గుంట. ట్యాంకులో కొలిచిన ఉత్త నీళ్లు పోసి, రోజూ నడిచే నడకతోనే కొట్టండి. మిగిలిన నీళ్లు కొలిస్తే ఖర్చయినది తెలుస్తుంది. దాన్ని 40తో గుణిస్తే ఎకరా లెక్క. గుంటకు 3 లీటర్లు పడితే ఎకరాకు 120. 100–150 మధ్య ఉంటే సరే. 60–70 మాత్రమే వస్తుంటే నడక వేగం ఎక్కువ. 200 దాటితే నాజిల్ రంధ్రం అరిగిపోయింది, మార్చండి.

16 లీటర్ల ట్యాంకుకు 62 మి.లీ. చొప్పున ఎనిమిది ట్యాంకులు కొడితే ఒక సీసా ఎకరాకు సరిపోతుంది. నాలుగు ట్యాంకులతో ఎకరా ముగించి సీసా మిగిలిందంటే, పంటకు సగమే అందింది.

7. కలిపి చూడండి

పురుగుమందుతో కలిపి కొడితే కూలి కలిసొస్తుంది, నిజమే. ముందు లీటరు సీసాలో పరీక్ష చేయండి. ముప్పావు లీటరు నీళ్లు, అదీ మీరు పొలంలో వాడే నీళ్లే, పోయండి. పొడి మందు ఉంటే ముందు అది వేసి కరిగించండి, తర్వాత ద్రవ మందు, చివర నానో, ఆపైన జిగురు మందు. ఒక్కోటి వేసినప్పుడల్లా మూత బిగించి ఊపండి. లీటరుకు నీళ్లు నింపి అరగంట కదపకుండా పెట్టండి.

అడుగున తెట్టు దిగినా, పాల విరుగుడులా ముద్దలు కట్టినా, సీసా వేడెక్కినా ఆ రెండూ కలపొద్దు. పలచని సమరంగు ద్రవంగా నిలిస్తే కలపొచ్చు.

నానో డీఏపీని కాల్షియం నైట్రేట్‌తో, జింకు సల్ఫేట్‌తో కలపకండి. భాస్వరం వాటితో కలిసి కరగని పదార్థంగా మారి అడుక్కు దిగుతుంది. బోర్డో మిశ్రమం, కాపర్ మందులతో ఏ నానో ఎరువూ కలపొద్దు. గిన్నెలకు తెల్లటి పొర పట్టించే బోరు నీళ్లలో సన్న కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. అప్పుడు నానో అన్న పేరు తప్ప ఏమీ మిగలదు. అలాంటి నీళ్లుంటే కాలువ నీళ్లు తెచ్చుకోండి.

8. కొట్టే రోజు

1. సీసాను బాగా ఊపండి. కణాలు అడుక్కు చేరి ఉంటాయి. ఊపకుండా పోస్తే మొదటి ట్యాంకులన్నీ పలచగా, చివరివి చిక్కగా వస్తాయి.
2. ట్యాంకులో సగం నీళ్లు, తర్వాత 62 మి.లీ. మందు, 8 మి.లీ. జిగురు మందు, మిగతా నీళ్లు. కర్రతో కలపండి. ముందురోజు రాత్రే డ్రమ్ములో కలిపి పెట్టకండి.
3. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొట్టండి. లేదా సాయంత్రం. మిట్టమధ్యాహ్నం ఆకు రంధ్రాలు ముడుచుకుని ఉంటాయి, తుంపర ఆరిపోతుంది.
4. గాలి జోరుగా ఉంటే ఆపేయండి. గాలికి ఎదురుగా నడవకండి. మాస్కు తీయకండి, ఈ సన్నని తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.
5. ఆకు రెండు వైపులా తడవాలి, కానీ కొన నుంచి నీళ్లు కారకూడదు. కారిందంటే మందు నేలపాలైనట్టు. జిగురు మందు లేకుండా వరి ఆకు మీద తుంపర ముత్యాల్లా జారిపోతుంది. ఒక ఆకు మీద కొట్టి, దగ్గరగా చూసి, చుక్కలు పరచుకుంటున్నాయని రూఢి చేసుకున్నాకే ముందుకు పోండి.
6. 12 గంటల్లో వాన పడితే మళ్లీ కొట్టాలి. అందుకే వాన సూచన చూసుకుని మొదలుపెట్టండి, రెండో సీసా ఖర్చు తప్పుతుంది.
7. ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు ట్యాంకులోనే పోయండి. సీసాకు రంధ్రం చేసి పారేయండి, ఇంట్లో వాడకండి.

డ్రోన్‌తో అయితే ఎకరాకు పది లీటర్ల నీళ్లే పడతాయి. కంపెనీల సిఫారసు ఎకరాకు 250–500 మి.లీ. మందు. ట్యాంకులో పోసే ముందు వడగట్టండి. నమో డ్రోన్ దీదీ పథకం కింద డ్రోన్ అందుకున్న మహిళా సంఘం మీ మండలంలో ఉంటే వారితో మాట్లాడండి. పక్క చేలో కొట్టిన పురుగుమందు ట్యాంకులో మిగలకుండా కడిగారో లేదో చూశాకే మీ మందు పోయనివ్వండి.

తరచూ జరిగే పొరపాట్లు

ఇసుకలో, యూరియాలో కలిపి చల్లడం, డ్రిప్పులో పంపడం. ఇది ఆకు మీద కొట్టేందుకు చేసిన మందు. వేరు ముంచడం, విత్తనశుద్ధి నానో డీఏపీకి మాత్రమే. నేలలో పోసిన 100 గ్రాముల నత్రజనికి ఎకరాలో జాడ ఉండదు.

పంట పొట్ట దశ దాటాక కొట్టడం. ఆలస్యపు నత్రజని గింజకు చేరడం కంటే ఆకును మెత్తబరచి అగ్గి తెగులుకు, దోమకు చోటిస్తుంది.

ఎండకు వాడిన చేనుకు కొట్టడం. ముందు తడి పెట్టండి, మర్నాడు కొట్టండి.

యూరియా అసలే దొరకకపోతే

పిలక దశ యూరియా దొరకలేదని నానో మీద భరోసా పెట్టుకోకండి. 16 కిలోల నత్రజనికి అమ్మోనియం సల్ఫేట్ 78 కిలోలు, లేదా 20-20-0-13 కాంప్లెక్స్ 80 కిలోలు పడుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ నత్రజని నిజంగా నేలకు అందుతుంది. అమ్మోనియం సల్ఫేట్‌తో గంధకం కూడా వస్తుంది.

చేతిలో రెండు కిలోల యూరియా ఉన్నా చాలు, 100 లీటర్ల నీళ్లలో కరిగించి 2 శాతం ద్రావణంగా కొట్టొచ్చు. అందులో 920 గ్రాముల నత్రజని, ఖర్చు 12 రూపాయలు. 20 శాతం నానో సీసాలో ఉన్నదానికి తొమ్మిది రెట్లు. బెట్టకు వాడిన పెసర, మినుముకు ఈ పిచికారీ ఎప్పటి నుంచో సిఫారసులో ఉన్నదే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది కాబట్టి సాయంత్రమే కొట్టండి, 2 శాతం దాటనివ్వకండి.

9. ఫలితం చూడటం

కొట్టే ముందు రోజు, కొట్టిన ఏడో రోజు, పద్నాలుగో రోజు ఆకు రంగు పట్టిక పట్టండి. ఉదయం 8–10 గంటల మధ్య ఒక్కో మడిలో పది గుబుర్లు తీసుకుని, పూర్తిగా విప్పుకున్న పై ఆకును తెంపకుండా పట్టిక మీద ఆనించండి. మీ ఒంటి నీడ ఆకు మీద పడేలా నిలబడండి, ఎండలో రంగు తప్పుగా కనిపిస్తుంది. పట్టిక ఎప్పుడూ ఒకే మనిషి చూడాలి. హద్దు సంఖ్య మీ రకానికి ఎంతో పట్టికతో వచ్చే కాగితంలో ఉంటుంది, నాటు వరికి సాధారణంగా 3 లేదా 4. పదిలో ఆరు ఆకులు హద్దుకంటే లేతగా ఉంటే నత్రజని చాలలేదు. రెండో మడిలో ఇలా కనిపిస్తే ఆపుకున్న సగం యూరియా వెంటనే వేసేయండి. పరీక్ష కోసం పంట పోగొట్టుకోకండి.

రంగు దిగుబడి కాదు. కోత రోజున ఒక్కో మడిలో అంచు నుంచి ఒక మీటరు వదిలి, ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు కట్టి విడిగా కోసి నూర్చండి. మూడు కుప్పలూ ఒకే కళ్లంలో, ఒకే ఎండలో ఆరబెట్టి తూయండి. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం తూస్తే తేమ తేడానే దిగుబడి తేడాగా కనిపిస్తుంది. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి.

ఇక మూడు తూకాలు పక్కపక్కన పెట్టండి.

మొదటి మడి, రెండో మడి దాదాపు సమానంగా వచ్చి మూడోది తక్కువైతే, మీ నేలలో నానో ఆ సగం యూరియా లోటును పూడ్చింది. వచ్చే కారులో ఇంకో రెండు చోట్ల ఇలాగే చూడండి.

మూడూ సమానమైతే ఘనత నానోది కాదు. మీరు ఇన్నాళ్లూ చివరి దఫా యూరియా అవసరానికి మించి వేస్తున్నారు. ఉత్త నీళ్లు కొట్టినా అదే పంట వచ్చింది. చివరి దఫాలో ఆ సగం యూరియా, సీసా రెండూ మానుకోవచ్చు. మూడో మడి లేకుండా ఈ సంగతి బయటపడదు.

రెండో, మూడో మడులు రెండూ మొదటిదానికంటే తక్కువైతే మీ చేలో నానో ఆ లోటు పూడ్చలేదు. వచ్చే పంటకు మూడో దఫా యూరియా పూర్తిగా వేయండి.

గుంట మడుల్లో 25 చదరపు మీటర్ల కోతకు అర కిలో వరకు తేడా మామూలుగానే వస్తుంది. అంతలోపు తేడాను లెక్కలోకి తీసుకోకండి. అదే పొలంలో రెండో పంటలో కూడా తూచాకే యూరియా ఇంకా తగ్గించాలా వద్దా అన్నది తేల్చుకోండి.